రోమా పత్రిక, యాకోబు పత్రిక: ఆరు శనివారాల క్లాసుకు వెళ్లొచ్చాక

ముందే చెప్తున్నాను, బైబిల్లోని ఈ రెండు ఉత్తరాల మీద క్లాసు పెట్టినవాళ్ల పేరు ఇక్కడ రాయను. మెచ్చుకోవాల్సినవి ఉన్నాయి, ఒళ్లు మండించినవీ ఉన్నాయి. గుంటూరు క్రైస్తవులం అందరం ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక పెళ్లిలో ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చునేవాళ్లమే. ఎందుకొచ్చిన గొడవ.

బ్రాడీపేటలో ఒక మేడ మీద హాలు. ఆరు శనివారాలు, మధ్యాహ్నం 3 నుంచి 5 దాకా. మనిషికి 500 రూపాయలు, నోట్సు, టీ, రెండు బిస్కెట్లు అందులోనే. కట్టిన డబ్బు తిరిగి ఇవ్వరు. కరపత్రం మీద పెద్ద అక్షరాలతో ప్రశ్న: "దేవుని ఎదుట మనిషి నీతిమంతుడయ్యేది విశ్వాసం వల్లా, క్రియల వల్లా?" ఆ ప్రశ్న చూసే నేను వెళ్లాను. మా ఇంట్లో అప్పటికి రెండు నెలలుగా దాని మూలంగానే మాటలు లేవు.

నేను లూథరన్ ఇంట్లో పుట్టి ఆర్.సి.ఎం., అంటే రోమన్ కథోలిక, ఇంటికి కోడలిగా వెళ్లినదాన్ని. ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. మా తోటికోడలిది ఫిరంగిపురం, ఆవిడని అక్కా అంటాను. ఏటా ఫిబ్రవరిలో గుణదల మేరీమాత కొండ ఎక్కకపోతే ఆ ఏడాది మొదలైనట్టు కాదు ఆవిడకి. ముప్పై ఏళ్లు ఒకే వంటింట్లో మసిలాం, ఏనాడూ మతం మాట రాలేదు. మా మామగారిని సమాధి చేసి ఇంటికి వచ్చిన సాయంత్రం మాత్రం వచ్చింది. అక్క గోడకి ఆనుకుని కూర్చుని, "ఊళ్లో ఎంతమంది పిల్లలకి ఫీజులు కట్టాడు. ఆ పుణ్యం ఊరికే పోతుందా" అంది. ఊరుకోవచ్చుగా! నేను "పుణ్యంతో ఎవరూ పరలోకానికి పోరక్కా, ఎఫెసీ రెండో అధ్యాయం చూడు" అన్నాను. శవం లేచిన ఇంట్లో, ఆ పూట. తప్పు నాదే. అక్క లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత నాతో మాట్లాడాలంటే మా మనవరాలి చేత చెప్పించేది.

మొదటి శనివారం హాలు మెట్లెక్కి చూస్తే మూడో వరసలో అక్క కూర్చుని ఉంది. ఆవిడకీ ఎవరో కరపత్రం ఇచ్చారట. ఎవరి ఐదొందలు వాళ్లం కట్టుకున్నాం, ఎవరి కుర్చీలో వాళ్లం కూర్చున్నాం.

ఆ మొదటి రోజు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ప్రార్థన, పాట, పరిచయాలు, మళ్లీ ప్రార్థన. మైకు కీచుమంది. నోట్సు జిరాక్సు ఎంత పాలిపోయిందంటే, గలతీ పత్రిక పేజీలో నాకు కనిపించింది పేజీ నంబరు ఒక్కటే. ఐదొందలు వృథా అనుకుని ఇంటికి వచ్చేశాను.

రెండో శనివారంతో నా లెక్క తప్పింది. పాఠం చెప్పే మాస్టారు రిటైరైన పెద్దాయన. బైబిలు తెరవలేదు. బోర్డు మీద "తీర్చు" అని ఒక్క మాట రాసి, "దీనితో మీ ఇళ్లలో ఏమేం అంటారో చెప్పండి" అన్నారు. అప్పు తీర్చు, దాహం తీర్చు, తగవు తీర్చు, తీర్పు తీర్చు. ముందు వరసలో ఒక కుర్రాడు "పగ తీర్చుకో" అన్నాడు, అందరం నవ్వాం. వెనకనుంచి అక్క గొంతు: "పిల్లల్ని తీర్చిదిద్దు." మాస్టారు సుద్దముక్కతో బోర్డు మధ్యలో గీత గీశారు. ఒక పక్క "తీర్పు తీర్చు", రెండో పక్క "తీర్చిదిద్దు". అప్పుడు రోమా 3:28 చదివించారు: "కాగా ధర్మశాస్త్ర క్రియలు లేకుండ విశ్వాసమువలననే మనుష్యులు నీతిమంతులుగా తీర్చబడుచున్నారని యెంచుచున్నాము."

"ఈ తీర్చబడుట ఏ పక్కది?" అని అడిగారాయన.

చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠస్థం చేసిన వాక్యం అది. ఆ ప్రశ్న నాకు ఎప్పుడూ తట్టలేదు. పదహారో శతాబ్దంలో రోమ్ సంఘాన్ని ఎదిరించిన జర్మన్ బోధకుడు లూథర్ పక్షం వాళ్లకి అది కోర్టు మాట. న్యాయాధిపతి నేరస్థుణ్ణి క్రీస్తును బట్టి నిర్దోషి అని ప్రకటిస్తాడు. బోనులో నిలబడ్డవాడి మంచితనం ఆ తీర్పులో లెక్కకి రాదు. పత్రిక అసలు రాసిన గ్రీకులో ఉన్న క్రియాపదానికి ఈ కోర్టు వాసన గట్టిగానే ఉందట. లాటిన్‌లో చదువుకున్న పడమటి సంఘానికి మాత్రం, తొలినాటి బోధకుడు అగస్టీను కాలం నుంచీ, ఆ మాటలో "నీతిమంతుడిగా చేయడం" అనే అర్థం వినిపించింది. అంటే తీర్చిదిద్దడం. 1547 జనవరిలో కథోలికుల ట్రెంట్ మహాసభ ఆ మాటే అధికారికంగా చెప్పింది: పాపాలు క్షమించడంతో సరిపోదు, లోపలి మనిషిని కొత్తగా చేయడం కూడా అందులో భాగమే అని.

ఇప్పుడు మా వంటింటి గొడవ చూడండి. క్రియలు లెక్కకి రావు అని నేనన్నది తీర్పు గురించి. తీర్చిదిద్దడం అక్కర్లేదు అన్నట్టు అక్కకి వినిపించింది. పుణ్యం ఊరికే పోదు అని ఆవిడ అన్నది మామగారు ఎలాంటి మనిషిగా తయారయ్యారో ఆ సంగతి. నాకేమో జడ్జికి లంచం ఇస్తున్నట్టు వినిపించింది. ఒక్క తెలుగు మాట కడుపులో రెండు అర్థాలు పెట్టుకుని కూర్చుంటే, మేం చెరొకటి పట్టుకుని రెండు నెలలు ముఖాలు తిప్పుకున్నాం. అసలు "నీతి" అనే మాట కూడా అంతే కదా. మామూలు తెలుగు చెవికి నీతి అంటే నీతి కథలు, మంచి నడవడి. దాంతోనే సగం గందరగోళం.

అదే రోజు నాకు ఇంకో దెబ్బ తగిలింది. "విశ్వాసమువలననే" అని ఉందా, ఆ చివరి "నే" చూడండి. గ్రీకులో అక్కడ "మాత్రమే" అనే మాట లేదట! లూథర్ 1522లో జర్మన్ కొత్త నిబంధన వేసినప్పుడు "మాత్రమే" అని చేర్చాడు. గొడవ చేసినవాళ్లకి 1530లో ఒక బహిరంగ లేఖ రాశాడు: మా భాషలో ఈ భావం చెప్పాలంటే ఆ మాట పడాల్సిందే, రోమా పత్రిక రాసిన పౌలు వాదమూ అదే అని. లూథర్‌కి ముందు కూడా కొందరు వ్యాఖ్యాతలు ఆ చోట ఆ అర్థమే చెప్పారని మాస్టారు సర్దిచెప్పారు. అయినా సరే. జర్మన్‌లో ఒక పదం పట్టిన పనిని మన తెలుగులో ఒక్క దీర్ఘం చేసేసింది, అదీ ఎవరి కంటా పడకుండా. ఆ "నే" పౌలు నోటి నుంచి వచ్చిందనే నేను ఇన్నేళ్లూ అనుకున్నాను. అక్క తల తిప్పి నన్ను చూసింది. రెండు నెలల తర్వాత అదే మొదటి చూపు.

మూడో వారం యాకోబు. ఆ రోజు అక్క ముందు వరసకి మారింది. యాకోబు 2:24: "మనుష్యుడు విశ్వాసమూలమున మాత్రముకాక క్రియల మూలమునను నీతిమంతుడని యెంచబడునని మీరు దీనివలన గ్రహించితిరి." కొత్త నిబంధన మొత్తంలో విశ్వాసం, మాత్రమే అనే రెండు మాటలూ పక్కపక్కన పడ్డ చోటు ఇదొక్కటేనట, అదీ "కాదు" అని చెప్పడానికి. రోమాలో "తీర్చబడు", ఇక్కడ "యెంచబడు" అని మన అనువాదకులు వేరువేరుగా రాశారు గానీ గ్రీకులో రెండు చోట్లా ఒకటే క్రియాపదం. ఇది విన్నప్పుడు అక్క ముఖం చూడాల్సింది, క్రిస్మస్ ముందే వచ్చినట్టుంది. లూథర్ 1522 ముందుమాటలో మిగతా పత్రికల పక్కన యాకోబు గడ్డి పత్రిక అని రాశాడు. తర్వాతి కూర్పుల్లో ఆ మాట తీసేశాడు. కానీ అదే ఏడాది రోమాకి రాసిన ముందుమాటలో ఇంకోటి ఉంది: విశ్వాసం మంచి పనులు చేయాలా అని అడగదు, అడిగేలోపే చేసేసి ఉంటుంది, నిప్పునుంచి వేడినీ వెలుగునీ ఎలా విడదీయలేమో దీన్నీ అంతే. మా వాళ్లు ఈ రెండోది ఇంకొంచెం గట్టిగా చెప్తే బాగుండేది.

అంతా బాగానే ఉందనగా మాస్టారు ఒక పోలిక చెప్పారు. క్రియలు థర్మామీటరు లాంటివట. థర్మామీటరు జ్వరం తెప్పించదు, ఉందని చూపిస్తుంది. మంచి పనులు కూడా నీతిని తెచ్చిపెట్టవు, ఉన్నదాన్ని చూపిస్తాయి. నాడి కూడా అంతే అన్నారు. హాలంతా తలలూపింది.

నర్సుని కదా, నాకు ఏదో తేడా కొట్టింది. లేచాను. "మాస్టారూ, 26వ వచనం చదవండి. 'ప్రాణములేని శరీరమేలాగు మృతమో ఆలాగే క్రియలు లేని విశ్వాసమును మృతము.' ఇక్కడ శరీరం స్థానంలో ఉన్నది విశ్వాసం. ప్రాణం స్థానంలో ఉన్నవి క్రియలు. మీరు చెప్పింది దీనికి తిరగేసి ఉంది. నేను ముప్పై నాలుగేళ్లలో ఎంతోమంది కళ్లు మూశాను. ఊపిరి ఒంటికి గుర్తు అని ఏ వార్డులోనూ ఎవరూ అనరు. ఊపిరి పోతే మిగిలేదే ఒళ్లు."

లూథరన్ని, నా నోటితో నేనే అక్క పక్షాన వాదించాను. కూర్చున్నాకగానీ ఆ సంగతి తెలియలేదు.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, వచనం మళ్లీ లోలోపల చదువుకున్నారు. ఫ్యాను చప్పుడు తప్ప ఏం లేదు. "అమ్మా, దీనికి నా నోట్సులో జవాబు లేదు" అన్నారు. ఆ తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చారు. 19వ వచనంలో దయ్యాలు కూడా నమ్మి వణుకుతున్నాయి. కాబట్టి యాకోబు ఇక్కడ విశ్వాసం అంటున్నది దేవుడొక్కడే అని ఒప్పుకునే ఆ నమ్మకాన్ని. పౌలు విశ్వాసం అన్నప్పుడు ఉద్దేశించింది దేవుడి మీద ఆనుకోవడం. ఇద్దరూ సాక్షిగా పిలిచింది అబ్రాహామునే, ఎత్తిన వాక్యమూ ఒకటే, ఆదికాండం 15:6. కానీ పౌలు ముందు పేజీ చూపిస్తాడు: 15వ అధ్యాయంలో నీతిగా ఎంచబడ్డాడు, సున్నతి 17లో గానీ రాలేదు. యాకోబు తర్వాతి పేజీ చూపిస్తాడు: 22లో ఇస్సాకును బలిపీఠం మీద పెట్టినప్పుడు ఆ మాట నెరవేరింది అని. నాకు సగమే నచ్చింది. థర్మామీటరుకి మాత్రం ఆయన మళ్లీ వెళ్లలేదు. ఎనభైమంది ముందు జవాబు లేదని చెప్పగలిగిన బోధకుణ్ణి చూడటానికి ఐదొందలు ఇవ్వొచ్చు.

నాలుగో వారం ట్రెంట్ సభ తీర్మానాలు. ఈ విషయం మీదే మొత్తం 33 ఉన్నాయట, శాపం పెట్టే వాక్యాలతో సహా. మాస్టారు మొదటిదే చదివారు: దేవుని కృప లేకుండా సొంత క్రియలతో మనిషి నీతిమంతుడు కాగలడని ఎవరైనా అంటే వాడు శాపగ్రస్తుడు. మా లూథరన్ ఆడవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆర్.సి.ఎం. వాళ్లు పుణ్యం కూడబెట్టి రక్షణ కొనుక్కుంటారని మాకు నూరిపోశారు. తీరా చూస్తే వాళ్ల సభ మొట్టమొదట కొట్టేసిందే దాన్ని. అక్క నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది. "మా సభే అందా?" అని పక్కావిణ్ణి రెండుసార్లు అడిగింది. విశ్వాసం మాత్రమే చాలు అనేదాన్ని 9వ తీర్మానం కొట్టేస్తుంది. 24వది ఇంకా ముందుకు వెళ్తుంది: మంచి పనులు వచ్చిన నీతికి ఫలాలూ గుర్తులూ మాత్రమే, దాన్ని పెంచవు అనేవాడికి కూడా శాపమే. టీ తాగేటప్పుడు అక్క నా పక్కకి వచ్చి నిలబడింది. "చూశావా, మీ థర్మామీటరుని 1547లోనే విరగ్గొట్టారు" అంది. మా ఇద్దరి మధ్యా నేరుగా పడ్డ మొదటి మాట అది.

ఇక తిట్లు. ఐదో వారం ఈ క్లాసుకి గుండెకాయ. అది నలభై నిమిషాల్లో ముగించేశారు. ఎందుకంటే నాలుగింటి నుంచి హాలు ఎవరిదో పుట్టినరోజు ఫంక్షన్‌కి ఇచ్చారట. మేం 1999 అక్టోబర్ 31 గురించి వింటుంటే వెనక బెలూన్లు కడుతున్నారు. ఆ రోజు జర్మనీలో ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, కథోలిక సంఘం కలిసి దీని మీదే ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. అందులో వివరించిన ప్రకారం ఉన్న బోధకి 16వ శతాబ్దపు శాపాలు వర్తించవని ఇద్దరూ ఒప్పుకున్నారు. మన ఏ.ఇ.ఎల్.సి., అంటే ఆంధ్రా ఇవాంజెలికల్ లూథరన్ చర్చి, ఆ ఫెడరేషన్‌లో సభ్య సంఘం, కాబట్టి ఒక రకంగా ఆ సంతకం నాదీను. ఇన్నాళ్లూ నా చెవిన పడలేదు, ప్రసంగంలో ఎవరైనా చెప్పినప్పుడు నేను నైట్ డ్యూటీ నిద్రలో ఉన్నానేమో.

ప్రకటన అంతా మాస్టారు ఫోన్లో చూసి గబగబా చదివేశారు. నాకు పట్టుబడింది ఇంతే: దేవుడు మనల్ని అంగీకరించేది కృప వల్లే, మన యోగ్యత వల్ల కాదు, ఇది ఇద్దరి మాట. క్రియల వల్ల కృపలో ఎదుగుతాం అని కథోలికులు. దేవుడు మనల్ని అంగీకరించడం ఎప్పుడూ పూర్తిగానే ఉంటుంది, బతుకులో దాని ఫలితమే పెరుగుతుంది అని లూథరన్లు. బోర్డు మీది పాత గీతే ఇది. కానీ ఈసారి గీతకి అటూ ఇటూ ఉన్నవాళ్లు ఒకే కాగితం మీద కూర్చున్నారు. తర్వాత 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాల వాళ్లు కూడా చేరారు. జర్మనీలో నూరుమందికి పైగా ప్రొటెస్టంట్ వేదాంత ఆచార్యులు సంతకాలకి ముందే అభ్యంతరం చెప్పారు. ఎందుకు చెప్పారో అడుగుదామంటే కేకు వచ్చేసింది.

రెండో తప్పు దీనికంటే పెద్దది. కథోలికుల వాదన చెప్పడానికి ఒక కథోలికుణ్ణి పిలవలేదు. మాస్టారు ఎంత న్యాయంగా చెప్పినా, పక్కింటివాడి మాట మన నోటితో చెప్తే అందులో ఉప్పు తగ్గుతుంది. గలతీ 5:6లో "ప్రేమవలన కార్యసాధకమగు విశ్వాసమే" అని ఉంది కదా, అది వాళ్లకి ఎంత ముఖ్యమో నాకు అక్క చెప్తేనే తెలిసింది. నిర్వాహకులు ఈసారైనా ఒక ఫాదర్‌గారిని అడగాలి.

వాట్సాప్ గ్రూపు గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. ఒకాయన రోజూ పొద్దున్నే గులాబీ పువ్వు బొమ్మ మీద "మా నీతిక్రియలన్నియు మురికిగుడ్డవలె నాయెను" అని గుడ్ మార్నింగ్ పెట్టేవాడు. దానికింద అక్క "నేను ఆకలిగొంటిని, మీరు నాకు భోజనమిచ్చితిరి" అని పెట్టేది. పేచీ ముదిరి అడ్మిన్ గ్రూపు మూసేశాడు. నాకు మాత్రం ఎప్పుడూ ఒకటే నవ్వొస్తుంది. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చి దిగినప్పటి నుంచీ క్రియలు లెక్కకి రావని చెప్పిన మిషన్ మాది. ఆ మిషన్‌లోనే 1883లో అన్నా కూగ్లర్ డాక్టరమ్మ వచ్చి, ఊళ్లో ఆడవాళ్లకి వైద్యం చేసి, ఆసుపత్రి కట్టింది. లెక్కకి రాని పనులకి ఎంత ఇటుక, ఎంత సున్నం!

ఆఖరి శనివారం ప్రశ్నలు. అక్క లేచింది. గొంతు వణికింది. "మా మామగారు పిల్లల్ని చదివించాడు. అది దేవుడి దగ్గర ఏమవుతుంది?" అంది. మాస్టారు వాదం ఏమీ చెప్పలేదు. బైబిల్లో ప్రకటన గ్రంథం 14:13 తీయమన్నారు. ప్రభువునందు మృతి పొందినవాళ్లు ప్రయాసలు మాని విశ్రాంతి పొందుతారు, "వారి క్రియలు వారివెంట పోవును." సమాధుల దగ్గర ఎన్నిసార్లు విన్నామో ఆ వాక్యం.

మెట్లు దిగుతూ అక్క, "వెంట పోతాయంట, విన్నావా" అంది.

"వెంటే అక్కా. ముందు కాదు" అన్నాను.

"నోర్ముయ్" అని నా చెయ్యి పట్టుకుని దిగింది. మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లకి చెప్తున్నా, అక్కడ లిఫ్ట్ లేదు. ముప్పై రెండు మెట్లు, ఒక పక్క మాత్రమే రెయిలింగు. కుర్చీలు ప్లాస్టిక్‌వి, దిండు తీసుకెళ్లండి.

అయిదుకి మూడున్నర ఇస్తాను. ఇంట్లో రెండు సంఘాల వాళ్లు ఉంటే తప్పకుండా వెళ్లండి, ఇద్దరూ వెళ్లండి. మీ పక్షమే నెగ్గిందని ఎవరో తీర్పు చెప్తారని వెళ్తే మాత్రం డబ్బు దండగ. వచ్చే నెల నుంచి గలతీ పత్రిక మీద ఇంకో ఆరు వారాలు పెడుతున్నారు. ఈసారి జిరాక్సు బాగుంటుందని మాట ఇచ్చారు, చూడాలి. నేను ఫీజు కట్టడానికి వెళ్తే కౌంటర్ దగ్గర అమ్మాయి రిజిస్టర్ చూసి, మీది అప్పుడే కట్టేశారు అంది. ఇంటికొచ్చి ఐదొందల నోటు అక్క చేతిలో పెట్టబోయాను. ఆవిడ పప్పు ఎనుపుతూ తల కూడా ఎత్తలేదు.

"ఉంచుకో. కృప అనుకో" అంది.